గ్యాలో తొండుప్: సంతకం లేని రాయబారం టిబెట్‌కు మేలు చేసిందా, కీడు చేసిందా?

మలుపుదారి (చర్చ మొదలుపెట్టినవారు) · 10 ఫిబ్రవరి 2025, రాత్రి 9:10

మొన్న శనివారం కాలింపాంగ్‌లో, తన ఇంట్లో, గ్యాలో తొండుప్ కన్నుమూశారు. 97 ఏళ్లు. మా ఇంటికి వచ్చే పత్రికలో లోపలి పేజీలో ‘దలైలామా సోదరుడి మృతి’ అని నాలుగు ముక్కలు వేసి సరిపెట్టారు. నాలుగు ముక్కల్లో ఇమిడే మనిషి కాదు కాబట్టి ఇక్కడ చర్చ పెడుతున్నాను.

తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. టిబెట్‌లోని ఆమ్దో ప్రాంతంలో తక్‌త్సేర్ అనే చిన్న పల్లె, వ్యవసాయ కుటుంబం. తల్లి పదహారుగురిని కంటే ఏడుగురు దక్కారు. వారిలో మగపిల్లలు ఐదుగురు. నలుగురు మఠాలకు వెళ్ళారు, ఆ నలుగురిలో ఒకరు దలైలామా. సన్యాసం తీసుకోని ఒక్కడు ఈయన. మఠం బయట ఉండి తమ్ముడికి అండగా నిలవాలని చిన్నప్పుడే నిర్ణయమైపోయింది. 1946లో చదువుకు నాన్‌జింగ్ వెళ్తే అప్పటి చైనా పాలకుడు చాంగ్ కై షేక్ సొంత పిల్లవాడిలా చూసుకున్నాడు. 1948లో చాంగ్ పార్టీ అయిన కువోమింటాంగ్ సైన్యాధికారి కూతురిని పెళ్ళి చేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి కమ్యూనిస్టు సైన్యం ముంచుకొచ్చింది, దంపతులు ఇండియా చేరారు. ఆ తరువాత ఆయన ఎక్కని గడప లేదు. నెహ్రూ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి బి.ఎన్. మల్లిక్, అమెరికా సీఐఏ, ఐక్యరాజ్యసమితి, చివరికి మావో తరువాత చైనాను నడిపిన డెంగ్ షియావోపింగ్. 1991 నుంచి 1993 వరకు ప్రవాస మంత్రివర్గమైన కషాగ్‌కు అధ్యక్షుడిగా ఉన్నారు గానీ, అసలు పెద్ద పనులన్నీ అంతకుముందే, ఏ పదవీ లేకుండా చేశారు. ‘దలైలామా అన్న’ అన్నదే ఆయన హోదా.

నా ప్రశ్న ఇది. 1979 మార్చి 12న బీజింగ్‌లో డెంగ్ ఆయనతో, స్వాతంత్ర్యం ఒక్కటి తప్ప మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు అన్నాడు. ఇది ఆయన తెచ్చిన కబురు. దాని చుట్టూ మూడు దశాబ్దాల టిబెట్ రాజకీయం తిరిగింది. 2008 నవంబరులో ఝు వెయ్‌చున్ అనే చైనా అధికారి పత్రికల వారిని పిలిచి, డెంగ్ అలాంటి మాటే అనలేదన్నాడు. అప్పటికి ఎనభై దాటిన గ్యాలో, ‘అన్నాడు, నాతోనే అన్నాడు’ అని పట్టుబట్టారు. ఒక దేశం తలరాతను పదవి లేని ఒక మనిషి చెవికి అప్పగించడం సబబేనా?

చేవ్రాలు · 10 ఫిబ్రవరి, రాత్రి 9:52

సబబు కాదు. ఇందులో చర్చించేదేముంది?

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద చిన్న బల్ల, సిరా బుడ్డి, స్టాంపు కాగితాల కట్ట. అన్నదమ్ములు వచ్చి ‘మేము మేము మాట్లాడుకున్నాం, కాగితం ఎందుకండీ’ అంటే ఆయన కలం మూత పెట్టేసి, ‘అయితే నా దగ్గరికి ఎందుకొచ్చారు?’ అనేవారు. నోటిమాట మీద గట్టు పంచుకున్నవారు పదేళ్ల తరువాత అదే చెట్టు కిందికి తలలు పగలగొట్టుకుని వచ్చేవారు. నేను కళ్ళారా చూశాను.

ఇక్కడ పంచుకునేది గట్టు కాదు, హిమాలయాల అవతలి దేశం. వెళ్ళినాయన తెలివితక్కువవాడు కాదు. చైనా భాష ఆయనకు దుబాసీ అక్కర్లేనంతగా వచ్చు, అక్కడి రాజకీయాల్లోనే పెరిగారు. అయినా అవతలివాడి చేత ఒక్క ముక్క రాయించుకోకుండా వచ్చారు. ముప్ఫై ఏళ్ల తరువాత అవతలివాడు చెయ్యి దులుపుకుంటే ఆశ్చర్యపోవడం మన అమాయకత్వం.

కొండగాలి · 10 ఫిబ్రవరి, రాత్రి 11:20

చేవ్రాలు గారూ, మీ నాన్నగారి చెట్టు కిందికి ఇద్దరూ తమంతట తాము వచ్చారు. అక్కడే మీ పోలిక చెదిరిపోయింది.

1978, 79ల్లో పరిస్థితి ఏమిటి? దలైలామా ప్రభుత్వం అనేది ఒకటుందని చైనా ఒప్పుకోదు. ఈ రోజుకీ ఒప్పుకోలేదు. ఆ ప్రవాస ప్రభుత్వం ఉన్న ధర్మశాల నుంచి ముద్ర వేసిన పత్రంతో ఒక మంత్రి వస్తే వాకిట్లోనే ఆపేసేవారు. అందుకే కబురు దొడ్డిదారిన వచ్చింది. బ్రిటిష్ పాలనలోని హాంకాంగ్‌లో షిన్హువా వార్తా సంస్థ శాఖ ఉండేది. పేరుకు వార్తలు, చేసేది చైనా దౌత్య కార్యాలయం పని. అక్కడి అధికారి ఈయనను కలిసి, డెంగ్ చూడాలంటున్నాడు అని చెప్పాడు. ఈయన తమ్ముడిని అడిగి, అనుమతి తీసుకుని, సొంత హోదాలో వెళ్ళారు. పదవి లేకపోవడం ఆయన లోపం అంటున్నారు మీరు. ఆ తలుపులో పట్టే మనిషి పదవి లేనివాడే.

ఇంకో చిత్రం గమనించండి. ఆ రోజు ఎదురుగా కూర్చున్న డెంగ్ కూడా కాగితం మీద ఉప ప్రధాని మాత్రమే. చైనాను నడిపేది ఆయనే అని లోకానికంతా తెలుసు, నేమ్‌ప్లేటు మీద మాత్రం ఉండదు. దస్తావేజు రాద్దామంటే అమ్మేవాడి పేరు ఎవరిదని రాస్తారు?

నేను కాలింపాంగ్ రెండుసార్లు వెళ్ళాను. ఒకప్పుడు జెలెప్ లా కనుమ మీదుగా టిబెట్ ఉన్ని కంచరగాడిదల మీద దిగిన ఊరు. 1950లలో గూఢచారుల పట్టుగా పేరుపడింది. ఇప్పుడు పూలకుండీలు, బడిపిల్లలు, ఆర్కిడ్ తోటలు. ఊరి మనిషిని దారి అడిగితే ‘దలైలామా అన్నగారి ఇల్లా?’ అనలేదు. ‘నూడుల్స్ ఫ్యాక్టరీనా?’ అన్నాడు. ఆయన అక్కడ నూడుల్స్ చేయించి అమ్మేవారు. డెంగ్‌తో ఎదురెదురుగా కూర్చున్న మనిషి పిండి లెక్క చూసుకుంటూ ముసలివాడయ్యాడు. నాకు గేటు తెరుచుకోలేదు, ఊరికే బయట నిలబడి వచ్చేశాను.

నిప్పుకణిక · 11 ఫిబ్రవరి, ఉదయం 6:35

కొండగాలి గారు పిండిలెక్క చెప్పి కళ్ళు చెమర్చేలా రాశారు. నేను వేరే లెక్క చెబుతాను.

1957. ఆరుగురు ఖంపా యువకులు, అంటే తూర్పు టిబెట్‌లోని ఖం ప్రాంతం వారు. రాత్రిపూట జీపులో ఎక్కించుకుని సరిహద్దు దగ్గరి దాకా తీసుకువెళ్ళింది గ్యాలో తొండుప్. అక్కడి నుంచి వారు చీకట్లో నడిచి తూర్పు పాకిస్తాన్‌లోకి దాటారు. అక్కడి నుంచి అమెరికా విమానంలో పసిఫిక్ సముద్రంలోని సైపాన్ దీవికి. రేడియో, తుపాకీ, పారాచూట్ నేర్పి ఆ ఏడాది చివర్లో టిబెట్ మీద దింపడం మొదలుపెట్టారు. తరువాత శిక్షణ అమెరికాలోని కొలరాడో కొండలకు మారింది. క్యాంప్ హేల్ అనే ఆ చోటును టిబెటన్లు ‘దుమ్రా’ అని పిలుచుకున్నారు, తోట అని అర్థం. ఆ తోటలో పెరిగినవారిలో టిబెట్‌లో దిగి బతికి బయటపడినవారు కొద్దిమంది. 1960 నుంచి నేపాల్‌లోని ముస్తాంగ్‌లో స్థావరం. 1960ల చివరికి అమెరికాకు చైనాతో స్నేహం కావలసి వచ్చింది, డబ్బు ఆగిపోయింది. 1974లో ఆయుధాలు దించమని దలైలామా గొంతును టేపులో రికార్డు చేసి పంపితే, విని తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు.

తరువాతి కాలంలో గ్యాలో స్వయంగా ఏమన్నారు? తాను అడిగింది రాజకీయ మద్దతు, అమెరికాకు కావలసింది చైనాను చికాకు పెట్టడం, టిబెట్ మీద ప్రేమ కాదు అని. సీఐఏతో పొత్తుకు పశ్చాత్తాపపడుతున్నానని కూడా అన్నారు. నిజాయితీ గల మాటే. కానీ ఎవరి తరఫున, ఎవరిని అడిగి ఆ పొత్తు పెట్టుకున్నారు? ఆ రోజుల్లో తమ్ముడికి కూడా అన్నీ చెప్పలేదు. పదవి లేనివాడిని సంజాయిషీ అడిగేవాడు ఉండడు. నాకున్న బాధ అది. కాగితం సంగతి చేవ్రాలు గారికి వదిలేస్తున్నాను.

చాంగ్‌ను నమ్మారు, అమెరికాను నమ్మారు, డెంగ్‌ను నమ్మారు. ప్రతిసారీ పెద్దవాడి బల్ల దగ్గర కుర్చీ దొరికింది, బల్ల మీది పళ్ళెంలో టిబెట్‌కు ఏమీ దొరకలేదు.

పక్కబెంచీ · 11 ఫిబ్రవరి, ఉదయం 7:02

డెంగ్ చేసింది అచ్చం సంజయ రాయబారం. ‘యుద్ధం మంచిది కాదు నాయనా, మీరు ధర్మాత్ములు’ అని తీపి మాటలు, ఐదూళ్ళ ఊసు మాత్రం లేదు. తేడా అల్లా, ఇక్కడ సంజయుడిని పాండవులే పంపుకున్నారు.

చేవ్రాలు · 11 ఫిబ్రవరి, ఉదయం 7:40

పక్కబెంచీ గారి దెబ్బకు ముందు నవ్వు, తరువాత ఆలోచన వచ్చాయి.

కొండగాలి గారూ, వాకిట్లో ఆపేసేవారన్నారు, ఒప్పుకుంటాను. కానీ లోపలికి వెళ్ళాక అయినా, ‘మీరన్న మాటను ఒక ఉత్తరంలో పెట్టండి, మా తమ్ముడికి చూపిస్తాను’ అనవచ్చు కదా. ఇవ్వకపోతే అప్పుడే తెలిసిపోయేది.

ఇంకొకటి అడగనా? బంగారం సంగతి ఎవరూ ఎత్తలేదేమి?

కొండగాలి · 11 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

ఎత్తుదాం, దాచేదేముంది. 1950లో చైనా సైన్యం తూర్పున ప్రవేశించగానే లాసా ఖజానాలోంచి కొంత బంగారం, వెండి జంతువుల మీద సిక్కిం చేర్చారు. దాదాపు పదేళ్లు అక్కడే మూటల్లో ఉంది. 1959 తరువాత కోల్‌కతాలో అమ్మి, ఇనుప గొట్టాల కర్మాగారం, కాగితపు మిల్లు లాంటి వ్యాపారాల్లో పెట్టారు. అవి మునిగాయి. 80 లక్షల డాలర్లు ఉండవలసిన చోట పది లక్షలు కూడా మిగలలేదని దలైలామా తన ఆత్మకథలో రాసుకున్నారు. ప్రవాసంలో చాలామంది వేళ్ళు అన్నగారి వైపు చూపాయి. ఆయన ఒప్పుకోలేదు, 2015లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో వేరేవారి వైపు వేలు చూపారు. ఆ పుస్తకం మీద టిబెటన్లలోనే పెద్ద రభస అయింది. వ్యాపారం తెలియనివారి చేతిలో ఖజానా పడిందని మాత్రం నేను నమ్ముతున్నాను. అంతకు మించి తీర్పు చెప్పను.

నిప్పుకణిక గారికి. ఆయన ప్రతిసారీ నమ్మి మోసపోయారన్నారు. 1956 మరిచారా? బుద్ధుడి 2500వ జయంతికి దలైలామా ఇండియా వచ్చారు. పెద్దన్న తుబ్తెన్ జిగ్మే నోర్బు, గ్యాలో ఇద్దరూ ‘తిరిగి వెళ్ళవద్దు, ఇక్కడే ఉండిపో’ అని బతిమాలారు. చైనా ప్రధాని చౌ ఎన్ లై ఢిల్లీ వచ్చి హామీలిచ్చాడు. నెహ్రూ గారు కూడా తిరిగి వెళ్ళమనే చెప్పారు. తమ్ముడు నెహ్రూ మాట విని 1957లో లాసా వెళ్ళారు. రెండేళ్లు గడిచాయో లేదో, 1959 మార్చి 17 రాత్రి సైనికుడి వేషంలో నార్బులింకా భవనం దాటి పారిపోవలసి వచ్చింది. ఆ రోజు చైనాను నమ్మవద్దన్నది ఎవరు? పదవి లేని ఈ మనిషే.

అదే ఏడాది న్యూయార్క్ వెళ్ళి సభ్యదేశాల తలుపులు తట్టి ఐక్యరాజ్యసమితిలో తీర్మానం రావడానికి పాటుపడ్డదీ ఈయనే. 1959లో ఒకటి, 1961లో ఒకటి, 1965లో మరొకటి. మొదటి రెండింటికి మన దేశం ఓటు వేయకుండా తప్పుకుంది. 1962 దెబ్బ తిన్నాక, 1965లో అనుకూలంగా వేశాం.

అమరావతి పొరుగు · 11 ఫిబ్రవరి, సాయంత్రం 5:48

నేను రాజకీయం మాట్లాడను, ఒక్క సంగతి చెప్పి వెళ్తాను.

2006 జనవరిలో దలైలామా మా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని వారి నమ్మకం. ఆ పదిరోజులూ మా కృష్ణ ఒడ్డున ఎటు చూసినా ఎర్ర వస్త్రాలు, జపమాలలు. మా పొలం గట్టున ఒక పెద్దాయన కూర్చుని చిన్న గిన్నెలో పిండి పోసి, టీ కలిపి, వేళ్ళతో ముద్ద చేసి తింటున్నాడు. వాసన చూస్తే మన పేలపిండే. బార్లీతో చేస్తారట. నాకూ ఒక ముద్ద పెట్టాడు. కర్ణాటకలో టిబెటన్ల స్థావరం బైలకుప్ప నుంచి వచ్చానని చెప్పాడు. వచ్చీరాని హిందీలో నేను, వచ్చీరాని హిందీలో ఆయన.

‘బాయీస్‌లో ఉన్నాను’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. తరువాత తెలిసింది, 1962 చివర్లో మన ప్రభుత్వం చక్రాతాలో టిబెటన్లతో పెట్టిన రహస్య దళం పేరు ఎస్టాబ్లిష్‌మెంట్ 22 అని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి చిట్టగాంగ్ కొండల్లోకి వెళ్ళాడట. మోకాలి దగ్గర మచ్చ చూపించాడు. ‘మీది కాని యుద్ధానికి ఎందుకు వెళ్ళారు?’ అని అడిగాను. ‘అన్నగారు చెప్పారు, వెళ్ళాం’ అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఏ అన్నగారో నాకు ఇన్నాళ్ళకు, ఈ చర్చ చదివాక తెలిసింది.

నిప్పుకణిక · 11 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

పొరుగు గారూ, మీరు రాజకీయం మాట్లాడనంటూనే అందరికన్నా పెద్ద రాజకీయం చెప్పారు. ‘అన్నగారు చెప్పారు, వెళ్ళాం.’ నేను పొద్దుట అన్నది అదే. చెప్పే అధికారం ఆ అన్నగారికి ఎవరిచ్చారు?

ప్రవాసులను ఒకే గొడుగు కిందికి తెస్తానని 1964లో ఆయన ఆధ్వర్యంలో ఒక ఐక్య సంఘం వచ్చింది. ఖంలు, ఆమ్దోలు తమ తమ ఊరి పెద్దలను, తమ శాఖలను వదులుకోవాలేమోనని భయపడ్డారు. పదమూడు స్థావరాల వారు ఎదురు తిరిగారు. ఏళ్ళ తరబడి ఆ చీలిక మానలేదు. ఐక్యత కూడా పైనుంచి దించబోతే అలాగే ఉంటుంది.

మలుపుదారి · 11 ఫిబ్రవరి, రాత్రి 10:05

చర్చ డెంగ్ దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్ళింది. వెళ్ళనివ్వండి. కానీ 1979 తరువాత ఏం జరిగిందో చెప్పకుండా ఆ కబురు విలువ తూచలేం.

నూరుసార్లు వినడం కన్నా ఒకసారి చూడటం మేలు, మీవాళ్ళను పంపి చూసుకోండి అన్నాడు డెంగ్. 1979 ఆగస్టులో మొదటి బృందం వెళ్ళింది, అందులో మరో సోదరుడు లోబ్సాంగ్ సామ్తెన్ ఉన్నారు. టిబెటన్లు పాత దొరలను అసహ్యించుకుంటున్నారని బీజింగ్ నిజంగానే నమ్మింది. తీరా వెళ్తే జనం విరగబడ్డారు. కార్లకు అడ్డం పడి ఏడ్చారు, బట్టలు పట్టుకుని దలైలామా ఎప్పుడొస్తారని అడిగారు. మఠాలు మొండిగోడలు. 1980లో రెండో బృందం లాసా చేరాక జనం ఇంకా ఎక్కువగా పోగయ్యేసరికి పర్యటన మధ్యలోనే ఆపించి పంపేశారు. చెల్లెలు జెత్సున్ పెమా నాయకత్వంలో మరో బృందం వెళ్ళి బడులు చూసి వచ్చింది.

ఇరవై ఏళ్లుగా మూసిన తలుపు. అవతల తల్లి బతికుందో లేదో తెలియని మనుషులు ఒక్కసారిగా ఉత్తరాలు రాసుకున్నారు, కొందరు వెళ్ళి చూసి వచ్చారు. 1980 మేలో పార్టీ అధినేత హు యావోబాంగ్ స్వయంగా లాసా వెళ్ళి అక్కడి దరిద్రం చూసి సొంత అధికారులనే తిట్టిపోశాడు. పన్నులు తగ్గించారు, చైనా ఉద్యోగులను కొందరిని వెనక్కి పంపారు. దీన్నంతా ఆ ఒక్క కబురు ఖాతాలో వేయను. కానీ ఆ కబురు లేకపోతే ఇది జరిగేది కాదు.

ఇక చేదు భాగం. 1981 జూలై 28న హు యావోబాంగ్ ఈయనను పిలిచి ఐదు అంశాలు చెప్పాడు. వాటిలో టిబెట్ లేదు, దలైలామా ఒక్కరే ఉన్నారు. తిరిగి రావచ్చు, 1959కి ముందున్న హోదా ఇస్తాం, కానీ ఉండవలసింది బీజింగ్‌లో, టిబెట్‌లో పదవి చేపట్టకూడదు. అరవై లక్షల మంది సమస్యను ఒక మనిషికి ఇల్లు చూపించే సమస్యగా మార్చేశారు. ఆ కబురునూ ఈయనే మోసుకొచ్చారు. రాయబారి బతుకు అంతే కదా, మంచి కబురుకు దండలు వేయరు, చెడ్డ కబురుకు నువ్వే తెచ్చావంటారు.

నిప్పుకణిక · 11 ఫిబ్రవరి, రాత్రి 10:41

మీరే నా వాదం బలపరిచారు. డెంగ్ మాట నమ్మి రాంగ్జెన్, అంటే పూర్తి స్వాతంత్ర్యం, వదులుకున్నారు. బదులుగా దొరికింది బీజింగ్‌లో ఒక బంగళా.

కొండగాలి · 11 ఫిబ్రవరి, రాత్రి 11:30

తేదీలు తారుమారు చేయవద్దు. మధ్యేమార్గం, వారి మాటలో ఉమే లామ్, వైపు మొగ్గాలని ధర్మశాలలో లోలోపల అనుకున్నది 1974 ప్రాంతంలోనే అని దలైలామా ఎన్నోసార్లు చెప్పారు. డెంగ్ కబురు వచ్చింది ఐదేళ్ల తరువాత. కబురు ఆ నిర్ణయాన్ని పుట్టించలేదు, దానికి ఒక చిరునామా చూపించింది. ఆ నిర్ణయం తప్పంటే దలైలామాతో వాదించండి, అన్నగారితో కాదు. బహిరంగంగా అది 1988 జూన్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ప్రకటించే దాకా మీలాంటి టిబెటన్ యువజన కాంగ్రెస్ వారికి కోపం కూడా రాలేదు.

వేదిక నిర్వాహకులు · 12 ఫిబ్రవరి, ఉదయం 8:00

‘మీలాంటి’ అన్న మాటలు తగ్గించుకోండి. నిన్న రాత్రి వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఆయన భార్య పుట్టిన దేశాన్ని బట్టి ఆయన విశ్వాసాన్ని కొలవడం ఈ వేదిక మీద కుదరదు.

మలుపుదారి · 12 ఫిబ్రవరి, ఉదయం 9:25

చేవ్రాలు గారూ, నిన్న రాత్రి నిద్ర పట్టక మీ కాగితం కోసం వెతికాను. దొరికింది. మీరు అనుకున్న చోట కాదు.

1991 మేలో చైనా ప్రధాని లీ పెంగ్ మాట్లాడుతూ, టిబెట్ చైనాలో విడదీయరాని భాగం, దాని మీద బేరం లేదు, స్వాతంత్ర్యం తప్ప మిగిలిన విషయాలన్నీ చర్చించవచ్చు అన్నాడు. ప్రధాని నోట, అచ్చులో. మరుసటి ఏడాది జూన్‌లో డింగ్ గ్వాన్‌గెన్ అనే పార్టీ పెద్ద మన గ్యాలోను పిలిచి మళ్ళీ అదే అన్నాడు. డెంగ్ అనని మాటను పన్నెండేళ్ల తరువాత ప్రధాని ఎక్కడి నుంచి తెచ్చుకున్నట్టు?

అంటే 2008లో ఝు వెయ్‌చున్ కాదన్నది ఒక్క ముసలాయన జ్ఞాపకాన్ని కాదు, తమ సొంత ప్రధాని అచ్చు మాటను. స్వాతంత్ర్యమే కాదు, సగం స్వాతంత్ర్యమూ కుదరదు, ముసుగు స్వాతంత్ర్యమూ కుదరదు అన్నాడు. 1979లో చైనాకు మాట్లాడటం అవసరం. పక్కన సోవియట్ రష్యా ఉంది, సాంస్కృతిక విప్లవం మిగిల్చిన బూడిద ఉంది. 2008లో ఒలింపిక్స్ ముగించుకున్న చైనాకు ఆ అవసరం లేదు. మాట మారింది అందుకు. కాగితం లేక కాదు.

చేవ్రాలు · 12 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:50

లీ పెంగ్ సంగతి నాకు తెలియదు. ఒక మెట్టు దిగుతున్నాను. అబద్ధమాడింది ఎవరన్న దాని మీద నాకిక సందేహం లేదు.

మీరు రాసింది చదివి నాకే ఇంకో సంగతి గుర్తొచ్చింది, నా వాదానికి అడ్డం వచ్చేదే అయినా చెబుతాను. 1951 మే 23న పదిహేడు అంశాల ఒప్పందం. అది పక్కా దస్తావేజు. సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. ఆ ముద్రలు బీజింగ్‌లోనే చెక్కించారని టిబెటన్లు అంటారు. దలైలామా హోదా మార్చం, మఠాల జోలికి రాం అని అందులోనే రాసి ఉంది. ఎనిమిదేళ్లు నిలవలేదు. ఇక గ్యాలో తరువాత వచ్చిన లోడి గ్యారి, కెల్సాంగ్ గ్యాల్త్సెన్ పూర్తి అధికారిక దూతలు. 2002 నుంచి 2010 జనవరి వరకు తొమ్మిది విడతలు మాట్లాడారు. 2008లో నిజమైన స్వయంప్రతిపత్తి అంటే ఏమిటో పేజీలకు పేజీలు రాసి ఇచ్చారు. ఆ కాగితం ఎంత శుభ్రంగా రాశారో నేను చదివాను, మా నాన్నగారు చూస్తే మెచ్చుకునేవారు. అవతలివారు తిప్పికొట్టారు. 2012లో ఇద్దరూ విసిగి రాజీనామా చేశారు. హోదా ఉంది, కాగితం ఉంది, ఫలితం సున్నా.

అయినా ఒకటి మాత్రం వదలను. కాగితం అవతలివాడిని కట్టడి చేయకపోవచ్చు. మనవాళ్ళను కట్టడి చేస్తుంది. ఏం అడిగాం, ఏం వదిలేశాం అని జనం ఎదుట పెట్టవలసి వస్తుంది. నిప్పుకణిక గారు మొదటి నుంచీ అంటున్నది ఇదే అనుకుంటాను. నేను చైనాను చూస్తూ కాగితం అడిగాను, ఆయన ధర్మశాలను చూస్తూ అడిగారు. ఆయన అడిగిందే సరైనది.

నిప్పుకణిక · 12 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:10

అవును, అదే. ఇంత ఓపికగా నేను చెప్పలేకపోయాను.

1960లలో అమెరికా నుంచి ఏడాదికి 17 లక్షల డాలర్లు వచ్చేవన్నది సామాన్య టిబెటన్‌కు 1998లో పత్రాలు బయటపడ్డాక గానీ తెలియలేదు. ముస్తాంగ్‌లో చలికి చచ్చినవాడి భార్య ఆ సంఖ్యను దినపత్రికలో చదువుకుంది. గ్యాలో దొంగ అని నేను అనడం లేదు. దేశభక్తుడే, బహుశా అందరికన్నా ఎక్కువగా అలసిపోయిన దేశభక్తుడు. కానీ ఇంటి గుట్టంతా ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఇంటి పిల్లలు ఎప్పటికీ ఎదగరు.

కొండగాలి · 12 ఫిబ్రవరి, రాత్రి 8:20

దీనికి నా దగ్గర జవాబు లేదు. 1957లో ఆ జీపు గురించి నలుగురికి చెప్పి ఉంటే ఆ ఆరుగురూ సరిహద్దు దాటేవారు కాదు అని మాత్రం అనగలను.

2002లో ఆయన మళ్ళీ టిబెట్ వెళ్ళి వచ్చారు. అప్పటికి డెబ్భై దాటాయి. లాసాలో వీధులు గుర్తుపట్టారో లేదో.

అమరావతి పొరుగు · 12 ఫిబ్రవరి, రాత్రి 9:05

దలైలామా ఇప్పుడు బైలకుప్పలోనే ఉన్నారు, ఆదివారం అక్కడి మఠంలో అన్నగారి కోసం ప్రార్థనలు చేయించారని వార్తలో చూశాను. నాకు పేలపిండి పెట్టిన పెద్దాయన ఉంటే అక్కడే కూర్చుని ఉంటాడు. 2006 నాటికే డెబ్భై పైబడినవాడు. ఫోను నంబరు అడగాలని అప్పుడు తోచలేదు.

పక్కబెంచీ · 12 ఫిబ్రవరి, రాత్రి 9:31

కొండగాలి గారూ, ఆ ఫ్యాక్టరీ నూడుల్స్ తిన్నారా లేదా? అది చెప్పలేదు.

కొండగాలి · 12 ఫిబ్రవరి, రాత్రి 9:44

గేటు తెరవలేదన్నాను కదండీ. బజారులో ఒక కట్ట కొన్నాను. ఆ ఊళ్ళో నూడుల్స్ చేసేవారు చాలామంది, ఎవరివో అడగలేదు. రైల్లో సగం విరిగిపోయాయి, మిగిలిన సగం మా అమ్మ సేమ్యా అనుకుని పాలలో వేసింది.